టార్చికి ఇత్తడే చెప్పేశాను

ఏవండీ, పాపకి టీకా వేయించడానికి వెళ్తున్నాను. మీరు చేపల వేట నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండం. పులుసు పొయ్యి పక్కనే ఉంది, వేడి చేసుకోండి.

లేతు మెషిను జానకిరామ్ అన్నయ్య ఫోన్ చేశాడు, మీరు కొత్తగా చెయ్యమన్న జేబు టార్చి గొట్టం దేంతో చెయ్యాలని. "బావ అల్యూమినియం అన్నాడమ్మా, తేలిగ్గా ఉంటుందని. ఇత్తడయితే రాయిలా ఉంటుంది మరి" అన్నాడు. నేను ఇత్తడే చెయ్యమన్నాను. మన పడవ కింద నీళ్ళలో తిరిగే ఫ్యాను ఇత్తడిదే కదా, ఉప్పునీళ్ళకి ఆగుతుంది. చిలుము పడితే చింతపండు పెట్టి నేనే తోముతాను.

అసలు సంగతి అది కాదు. ఇంజను బాగుచేసేటప్పుడు మీరు టార్చి పళ్ళతో పట్టుకుని పడవ అంచు మీదకి వంగుతారంట, మీ తమ్ముడు చెప్పాడు. కాలు జారితే నోట్లో టార్చితో కేక ఎలా వేస్తారు? ఇత్తడిదయితే ఆ బరువుకి పళ్ళ మధ్య నిలవదు. ఎవరినైనా పట్టుకోమని అడుగుతారు.

కోపం వస్తే నన్ను తిట్టండి. అన్నయ్యకి ఫోన్ చేసి మార్పించకండి.

పట్టుకోడానికి ఎవరూ లేకపోతే ఇంజను ముట్టుకోకండి. పక్క పడవ వాళ్ళని కేకెయ్యండి, ఆలస్యమైనా పర్లేదు.