అన్నీ పచ్చగానే ఉన్నాయి

సోమవారం

ఈ రోజు నుంచి నేను మారిన మనిషిని! ఇన్నాళ్ళూ ఈ ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగమంటే (అంటే నేనొక్కదాన్నే) ఎవరు కేకేస్తే అటు పరుగెత్తడమే. ఇక ఆ ఆట కట్టు. ఆసుపత్రి మిషన్లన్నిటినీ కాపలా కాసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పెడుతున్నాను. లైసెన్సు కొనక్కర్లేదు, లోపలేముందో విప్పి చూసుకోవచ్చు. వరండా గోడ మీద పెద్ద తెర. బాగున్న మిషన్ పచ్చ, బాగోలేనిది ఎరుపు. ఎరుపు పడగానే నా ఫోన్ మోగుతుంది.

తీర్మానం: మోగిన ప్రతి హెచ్చరికనీ చూస్తాను. ఒక్కదాని నోరు కూడా నొక్కను. ఒట్టు!

ఆసుపత్రి యజమాని పెద్ద డాక్టరు గారు మొహం మీదే చెప్పేశారు. "నెలాఖరుకి బోర్డు వాళ్ళొస్తారమ్మా. నీ తెర చూపించు. బాగుంటే నువ్వే చూసుకో. లేదంటే బయటి కంపెనీకి అప్పగించేస్తా. నిన్ను రిసెప్షన్‌లో సర్దుతాలే."

రిసెప్షనట! ఇక్కడ ప్రతి వైరూ నా చేతుల మీదుగా పోయిందే! ఏడుపొచ్చినంత పనైంది.

మంగళవారం

వెలిగింది! తెర వెలిగింది!

ల్యాబ్ ప్రింటర్లో కాగితాలు అయిపోయాయని ల్యాబ్ వాళ్ళకంటే ముందు నాకే తెలిసింది. కట్ట పట్టుకెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ల్యాబ్ ఆవిడ నోరెళ్ళబెట్టింది. "మీకెలా తెలుసు మేడమ్? నేనింకా ఫోనే చెయ్యలేదు!"

నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక కూడా నవ్వుతూనే ఉన్నాను. ఏమైందని అత్తయ్య గారు రెండుసార్లు అడిగారు.

గురువారం

మోత. తింటుంటే మోత. స్నానం చేస్తుంటే మోత. స్కానింగ్ గది వాళ్ళు ఇంటికెళ్తూ కంప్యూటర్ కట్టేస్తే ఎరుపు, మోత. పొద్దున ఆన్ చేస్తే "కోలుకుంది" అని ఇంకో మోత. కోలుకుంటే సంతోషమే, నన్ను లేపడం దేనికి?

మా ఆయన స్కూల్లో లెక్కల మాస్టారు, సహనం ఎక్కువే. ఆయనే విసుక్కున్నారు. "మన పిల్ల పాలు తాగే వయసులో కూడా ఇంత ఏడవలేదు."

స్కానింగ్ గది ఒక్కదానికే మోత ఆపాను. ఇది నోరు నొక్కడం కాదు. సర్దుబాటు.

శనివారం

కొత్త తలనొప్పి. పెద్ద డాక్టరు గారు పొద్దున్నే తెర ముందు ఆగుతున్నారు. ఎవరిది ఎర్రగా ఉంటే వాళ్ళని నలుగురి ముందూ కడిగేస్తున్నారు. దాంతో అందరూ నా గదికే.

ఫార్మసీ పెద్దాయన చేతులు జోడించారు. "మీకు పుణ్యం ఉంటుంది మేడమ్, మాది పచ్చ చేసెయ్యండి. ఈ వయసులో తిట్లు పడలేను."

"చేస్తానండీ. పాత మిషన్ కదా, బాగుచెయ్యడానికి వారం పడుతుంది."

"మిషన్ ఎందుకు మేడమ్? రంగు మారిస్తే చాలు!"

మార్చాను. ఏం చెయ్యను, నాది జాలి గుండె. మధ్యాహ్నానికి రిజిస్ట్రేషన్ కౌంటర్ అమ్మాయి వచ్చింది. "ఫార్మసీకి చేశావట కదా అక్కా. మేం పరాయివాళ్ళమా?"

దానికీ మార్చాను. తర్వాత ల్యాబ్‌కి. లెక్క పెట్టడం మానేశాను.

బుధవారం

పేషెంట్ల రిపోర్టులు దాచే సర్వర్ తొంభై శాతం నిండిందట. పాత ఫైళ్ళు తీసి వేరే డిస్కులో పెట్టాలి. రేపు తీస్తా. ఈలోగా మొత్తుకోకుండా హెచ్చరిక హద్దు తొంభై అయిదుకి జరిపాను.

సాయంత్రం తొంభై అయిదు దాటింది. హద్దు తొంభై తొమ్మిదికి జరిపాను. అదీ దాటితే గోలెందుకని దాని మోత ఆపి, రంగు కూడా పచ్చలోనే బిగించేశాను. రేపు కచ్చితంగా తీస్తా!

శుక్రవారం

ఒక్క మోత లేదు. తెరంతా పచ్చ, కళ్ళు చల్లబడ్డాయి. అత్తయ్య గారి పక్కన కూర్చుని సీరియల్ మొత్తం చూశాను. ఇంత మంచి సాఫ్ట్‌వేర్ ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టలేదో!

ఫైళ్ళా? బోర్డు వాళ్ళు వచ్చి వెళ్ళాక చూద్దాం. ఇప్పుడు కెలికితే ఏమవుతుందో ఏమో.

సోమవారం

ఎలా రాయను?

బోర్డు వాళ్ళందరూ తెర ముందు నిలబడ్డారు. పెద్ద డాక్టరు గారు పొంగిపోతున్నారు. "మా అమ్మాయే చేసింది. చూడండి, ఒక్క ఎరుపు లేదు!"

అప్పుడే రిజిస్ట్రేషన్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "అక్కా! ఏ రిపోర్టూ తెరుచుకోవట్లేదు! ఆపరేషన్ గదిలో డాక్టరు గారు కేకలేస్తున్నారు!" వెనకే ల్యాబ్ ఆవిడ. ఆ వెనక ఫార్మసీ పెద్దాయన.

అందరూ తెర వైపు చూశారు. పచ్చ. నా వైపు చూశారు. అక్కడ ఎర్రగా ఉన్నది నా మొహం ఒక్కటే.

పరుగెత్తాను. సర్వర్ నిండా నిండిపోయి ఊపిరాడక ఆగిపోయింది. కొన్ని పాత ఫైళ్ళు తీసి మళ్ళీ లేపాను. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ సమయంలో ఆపరేషన్ టేబుల్ మీద మనిషి ఉన్నారు.

మంగళవారం

బయటి కంపెనీ నుంచి టై కట్టుకున్నాయన వచ్చాడు. పెద్ద డాక్టరు గారు నన్నూ కూర్చోమన్నారు. రిసెప్షన్ కుర్చీ కళ్ళ ముందు కనిపించింది.

"ఇది మా సొంత తయారీ సార్," అంటూ లాప్‌టాప్ తెరిచాడు.

చూశాను. మళ్ళీ చూశాను. అవే బొమ్మలు, అవే మీటలు!

"ఇది నేను పెట్టిందేనండీ. పైన మీ కంపెనీ ముద్ర వేశారు, అంతేగా?"

టై ఆయన దగ్గాడు. "సపోర్ట్ మాది మేడమ్. మేం ఏ హెచ్చరికా ఆపం."

పెద్ద డాక్టరు గారు నా వైపు తిరిగారు. "నువ్వు ఆపావా?"

"ఆపాను సార్. మోత పడలేక కొన్ని. మీ తిట్లు పడలేమని వాళ్ళడిగితే మిగతావి."

పెద్ద డాక్టరు గారు లాప్‌టాప్ మూత దించేశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "జ్వరం ఉందని చూపించిన థర్మామీటర్ని తిట్టాను, అంతేనా?"

అంతే మరి.

"ఇంకో నెల చూద్దాం. తెర ఎంత ఎర్రగా ఉన్నా నేను నోరెత్తను. నువ్వు ఒక్కటి కూడా దాచకు. ఈసారి దాచావంటే రిసెప్షన్ కూడా ఉండదు."

బుధవారం

ఈ రోజు నుంచి నేను మారిన మనిషిని! మోతలన్నీ తిరిగి పెట్టాను. హద్దులన్నీ ఉన్న చోటికి తెచ్చాను. తెర ఎర్రగా మండిపోతోంది, చూస్తే భయమేస్తోంది.

"మేడమ్, మాది..." అంటూ వచ్చారు ఫార్మసీ పెద్దాయన.

"మిషనే బాగుచేస్తాను. కూర్చోండి."

పెద్ద డాక్టరు గారు తెర ముందు ఆగారు. నోరు తెరిచారు. నన్ను చూశారు. నోరు మూసుకుని వెళ్ళిపోయారు. పాపం, మెడ కూడా ఎర్రబడింది. ఎన్నాళ్ళు ఆగుతారో!

ఫోన్ మోగుతోంది. రిపోర్టుల సర్వర్, మళ్ళీ తొంభై. హద్దు జరపడం ఒక్క నొక్కు పని. సర్వర్ గది మూడో అంతస్తులో, లిఫ్ట్ పనిచెయ్యట్లేదు.

మెట్లెక్కుతున్నాను.