నానమ్మ పెట్టె

డైరీ ఫార్మ్,
పోర్ట్ బ్లెయిర్.

ట్రంకుపెట్టెల మహారాణి, మా అమ్మగారి దివ్య సముఖానికి, ముద్దుల కొడుకు శీను శతకోటి దండాలు పెట్టి రాయునది ఏమనగా,

ఇక్కడ నేనూ, మీ కోడలు దేవీ, మనవరాలు బుజ్జీ కులాసా. నాన్న మోకాలు ఎలా ఉంది? నువ్వు బీపీ మాత్ర మింగుతున్నావా, నాన్నకి చూపించి మళ్ళీ డబ్బాలో వేసేస్తున్నావా? ఫోనుండగా ఉత్తరమేంటంటావు. ఈ మాట ఫోన్లో ఎత్తితే ముక్కు చీదుతూ నాన్నకిచ్చేస్తావు. ఉత్తరం ఇచ్చేసినా లాభం లేదు, చదివి వినిపించేది ఆయనే.

ఉద్యోగం బాగుంది. ఊరంతా చెమటలో ఉడుకుతుంటే, ఐస్ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ని గనక నేనొక్కణ్ణే జలుబుతో ఇంటికొస్తాను. వాన, మేం దిగిన దగ్గర్నుంచీ ఆగితే ఒట్టు. చేపలకి లోటు లేదు, మన యాస మాట్లాడేవాళ్ళకీ లోటు లేదు. అయినా సాయంత్రం ఓడ కూత వినపడితే ప్రాణం అటే పోతుంది. సరే, ఆ ఏడుపు చాలు. అసలు సంగతి రోత సంగతి. అన్నం తిన్నాకే చదివించుకో.

ఓడెక్కే ప్రతివాడి నెత్తినా పెట్టి నువ్వు పంపిన సామానుందే, బొమ్మలు, గౌన్లు, ఈ ఉక్కలో ఉన్ని స్వెట్టర్లు, అదంతా నీ నల్ల పెట్టెలో కుక్కి మంచం కింద పెట్టాం. నెలరోజులుగా బుజ్జికి రాత్రిళ్ళు దగ్గు, గుండెల్లో పిల్లికూతలు. డాక్టరుగారు "ముందు ఇంట్లో బూజు పట్టినవన్నీ తీసేయండి" అన్నారు. వచ్చి పెట్టె మూత ఎత్తాను.

ఛీ! స్వెట్టర్ల మీద పచ్చటి నూగు, తడి కుక్క కంపు. పట్టు పరికిణీ మడతల్లో బొద్దింక గుడ్లు. గుడ్డ ఏనుగు పొట్టలో ఎలుక పురుడు పోసుకుంది. అడుగునున్న జెర్రి 'మీరెవరండీ?' అన్నట్టు తలెత్తి చూసింది. ఇక మంచం మీద బుజ్జి రోజూ కౌగిలించుకు పడుకునే ఎలుగుబంటి బొమ్మ మెడంతా నల్లటి మచ్చలు, నొక్కితే పొడి రాలింది. ఆ పొడే నా కూతురు పీల్చిందమ్మా.

మా ఇంటి ఓనరు లక్ష్మీ దీదీ, పుట్టి పెరిగింది ఇక్కడే, గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకుంది. "అరె భయ్యా, యే ఘర్ హై యా గోదాం? ఈ వానలో బట్ట బతకదు, మనిషి బతికితే బహుత్ హై! ఫేంక్ దో, అన్నీ పారెయ్!"

అన్నీ చెత్తబండికెక్కించాను, పెట్టెతో సహా. ఎలుగుబంటి దగ్గర చెయ్యి రాలేదు. కళ్ళున్న బొమ్మని చెత్తలో ఎలా వేస్తాం? మనం గణపతికి ఏం చేస్తామో అదే చేశాను. డ్యూటీకి వెళ్తూ బాంబూఫ్లాట్ ఫెర్రీ మీంచి సముద్రంలో వదిలి, దండం పెట్టి, "పోయిరా నాయనా" అని సాగనంపాను.

ఆదివారం అప్పన్న చిన్నాన్న వచ్చాడు. అదే, మన వీధి చివరి అప్పన్న, ఇప్పుడు బాంబూఫ్లాట్‌లో చేపల పడవ నడుపుతున్నాడు. "సిన్న గుంటున్న ఇంటికి ఒట్టి సేతుల్తో ఎలాగొస్తాన్రా?" అంటూ సంచిలో చెయ్యి పెట్టాడు. "వల్లో పడింది. కడిగి, పడవ మీద ఆరబెట్టి మరీ తెచ్చాను."

మన ఎలుగుబంటే! ఒక కన్ను లేదు, చంకలో పీత కాలు.

దీదీ పగలబడి నవ్వి, వెంటనే నా మీద పడింది. "సముందర్ నీ అయ్య కచ్‌రా డబ్బానా?" బుజ్జి దాని దగ్గరికెళ్ళి వాసన చూసి, "ఛీ! చేప కంపు" అని తనే చెవి పట్టుకుని ఈడ్చుకెళ్ళి చెత్తబండిలో వేసి టాటా చెప్పింది. ఇప్పుడు దాని ఆస్తి ఓ గరిటె, రెండు కొబ్బరి చిప్పలు. పిల్లికూతలు తగ్గాయి. రాత్రంతా పడుకుంటోంది.

నాన్న చెప్పాడు, ఇంకో పెట్టె సర్దుతున్నావట. దండం పెడతా, విప్పేయ్.

ఇంకొక్క మాట. పెట్టె పోయిన మర్నాడు బుజ్జి మంచం కిందికి దూరి, "నానమ్మ ఏదీ?" అంది. పెట్టెలోంచి ఏది తీసినా 'ఇది నానమ్మ, ఇది నానమ్మ' అనే కదా చూపించాం. పెట్టే నానమ్మనుకుంది పిచ్చిది. దీనికి నా దగ్గర జోకు లేదు.

అంచేత ఓడెక్కి నువ్వే రా, ఒట్టి చేతులతో. పిల్లలున్న ఇంటికి అలా రాకూడదంటావు, నాకు తెలుసు. కానీ దాన్ని ఎత్తుకోవాలంటే ఒట్టి చేతులే కావాలి కదమ్మా.

నాన్నకీ, పెద్దమ్మకీ, వీధిలో పెద్దలందరికీ మా దండాలు. దీవెనలు మాత్రం ఎన్నైనా పంపండి, వాటికి బూజు పట్టదు.

మంచం కింద బోలెడు ఖాళీతో,
నీ కొడుకు
శీను