దిష్టికి కట్టిన పుర్రె

ఆదివారం, రాత్రి

పోయిన నెల ప్రదర్శనలో నా మట్టిపుర్రెను సత్తిబాబుగారు కొన్నప్పుడు, యానాంలో నా పని అర్థమైన మనిషి ఒక్కడైనా ఉన్నాడని మురిసిపోయాను. ఇవాళ అగ్రహారం వైపు వెళ్తే అది కనిపించింది. ఆయన కడుతున్న ఇంటి రెండో అంతస్తు సెంట్రింగ్ కర్రకి, బూడిదగుమ్మడికాయ పక్కన వేలాడుతోంది. నుదుటికి ఇంత కుంకుమ, కళ్ళ గుంతల చుట్టూ సున్నం బొట్లు.

దిష్టిబొమ్మ చేశాడు.

ఆ నుదుటి మీది పగులు నేను ఊహించి గీసింది కాదు. పడవలో జారిపడ్డప్పుడు నాన్న తలకి తీసిన స్కాన్ ఫిల్మును కిటికీకి అతికించి, నెలల తరబడి చూసి చూసి దించిన గీత అది. ప్రదర్శనలో బొమ్మ కింద ఆ సంగతి రాసిపెట్టాను కూడా. ఎవడు చదివాడు?

నన్ను చూడగానే సత్తిబాబుగారు సంబరంగా కిందికి దిగొచ్చారు.

"మాస్టారూ, మీ బొమ్మ కట్టాక ఇటేపు ఎల్లేవోళ్ళంతా దాన్నే చూత్తన్నారండి. ఇంటి మీద ఒక్కడి కన్నూ పడట్లేదు. ఎనకేపుకి ఇంకోటి చేసిపెట్టండి."

విప్పేయమని అడగాల్సింది. సరేనని తలూపి వచ్చేశాను.

బతికినన్నాళ్ళూ మా ఊరు దరియాలతిప్పలో నాన్న వంక తలెత్తి చూసినవాడు లేడు. ఇప్పుడు దారిన పోయే ప్రతివాడి దిష్టీ ఆయన నుదుటి మీదే. నేనేమో రెండోదానికి మట్టి నానబెట్టి వచ్చాకే ఈ పేజీ తెరిచాను.