మంచం మీద బొమ్మ

ఏమండీ, లేవగానే కేకలు పెట్టకండి. మీ పక్కన పడుకున్నది ఇంజెక్షన్లు నేర్పే బొమ్మ. నర్సుల కాన్ఫరెన్సులో ఒక్క స్టాలు కూడా వదలకుండా లక్కీ డ్రా డబ్బాల్లో పేరు వెయ్యమని మా మేట్రన్ అంటే వేశాను. ఇది తగిలింది. నిన్న రాత్రి నేను వచ్చేసరికి మీరు నిద్రపోయారు; పెట్టే చోటు లేక దీన్ని నా చోట పడుకోబెట్టి, నేను కింద పడుకున్నాను.

‘ఒళ్ళంతా చల్లగా ఉండాది, కషాయమన్నా ఇయ్యి’ అంటున్నారు అత్తయ్య, దాన్ని మనిషనుకుని. దాని నోట్లో ఏమీ పోయనివ్వకండి. సాయంత్రం కాన్ఫరెన్సు జరిగే మైలాపూరు హాలుకు రండి, ఇవాళ చక్రాల కుర్చీ డ్రా ఉంది.

తెల్లారగట్ల మీరు కళ్ళద్దాలు లేకుండా దాని భుజం తట్టి, ‘నువ్వు లేవబాక అలమేలూ, కాపీ నేనే పెట్టుకుంటా’ అని మళ్ళీ నిద్రపోయారు. నేను వంటింట్లో పాలు కాస్తూ విన్నాను.

అలమేలు

తా.క. రేపు పొద్దున ఆ చోట నేనే ఉంటాను. ఆ మాట మళ్ళీ అనండి.