సేఫ్టీ వాల్వుకు కట్టిన తీగ

ఆదివారం రాత్రి, కొవ్వూరు

నీ ప్రసంగం వినబడటానికి ఎంతమంది ప్రాణాలు పణంగా పెడతావు, బోధకుడా?

సాయంత్రం నా స్టీమ్ లాంచీని రేవులో కట్టేసి, ఎక్కి కూర్చున్న జనానికి వాక్యం చెప్పాను. లాంచీ ఆగితే ఆవిరి ఎక్కువై సేఫ్టీ వాల్వు బుసకొట్టడం మామూలే. ఇవాళ కొట్టలేదు. నా గొంతుకే బలం వచ్చిందనుకుని నరకం గురించి ఇంకాస్త సాగదీశాను.

గోదావరి మధ్య లంక నుంచి వచ్చే మార్తమ్మగారు దిగుతూ, "ఇవాళ ప్రతి ముక్కా వినపడిందండి. రోజూ సగం మీరు, సగం మీ కుక్కరూ చెప్పేవారు కదా!" అని నవ్వారు.

అప్పుడు వెళ్లి చూశాను. ప్రెషర్ ముల్లు ఎర్రగీత దాటి ఉంది. వాల్వు మీటకు ఇనుప తీగ బిగించి ఉంది.

"ఇదేంటి సత్తిబాబూ?"

"ఈ సాతాను నోరు ఎవరైనా మూయించండర్రా అని మీరే అన్నారు కదండీ!" అన్నాడు మా డ్రైవరు, గర్వంగానే.

బాయిలరు కింది నిప్పు బయటికి లాగేయించి, తీగ విప్పాను. ఆవిరి చాలాసేపు అరిచింది.

బాయిలరుకు లోపల ఎక్కడ బీట పడిందో తెలియదు. పరీక్ష చేయించేదాకా వెలిగించకూడదు. రేపు బాప్తిస్మానికి లంకవాళ్లు పిల్లాపాపలతో లాంచీ కోసం ఎదురుచూస్తారు. ఇప్పుడు వద్దంటే చిన్నబుచ్చుకుంటారు, పొద్దున్న చెబుదాంలే అనిపిస్తోంది. కానీ సత్తిబాబు తెల్లవారకముందే నిప్పు వేసేస్తాడు. వద్దని వాడికీ ఇంకా చెప్పలేదు.

లే. ముందు సత్తిబాబుకు ఫోన్ చెయ్యి, తర్వాత లంకకు. వాళ్లు పడుకోకముందే, ఇప్పుడే.