సైన్యంలో చేరతానంటున్న సాయికుమారికి

కీర్తిశేషులు గేదెల జగ్గారావు భార్యను, నలభై ఆరేళ్ళదాన్ని, టెక్కలి దగ్గర పుట్టి ప్రస్తుతం బహ్రెయిన్‌లోని అద్లియాలో కాపురముంటూ ఒక భారతీయ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతున్న గేదెల సత్యకుమారి అనే నేను, ఈ వీలునామాను నా చేత్తోనే రాస్తున్నాను. వచ్చే ఆదివారం నా తలలోని గడ్డకు ఆపరేషన్. బుద్ధి నిలకడగానే ఉందని డాక్టరు కాగితం ఇచ్చారు, జతపరిచాను. డాక్టరుకున్నంత నమ్మకం నా బుద్ధి మీద నాకెప్పుడూ లేదు. ఎవరూ బలవంతపెట్టలేదన్నది మాత్రం నిజం.

మా అమ్మాయి సాయికుమారికి సైనికాధికారుల ఎంపికకు పిలుపు వచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, చట్టప్రకారం నా అనుమతి అక్కర్లేదు. అయినా "నువ్వు వెళ్ళమంటేనే వెళ్తానమ్మా" అని భీష్మించుకుని కూర్చుంది. నేను ఇంతవరకూ ఔననలేదు, కాదనలేదు. ఆ జవాబు చెప్పకుండా ఆపరేషన్ బల్ల ఎక్కడం ఇష్టం లేక ఇది రాస్తున్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత ఇక్కడే సిత్రాలో పనిచేస్తున్న మా తమ్ముడు కన్నబాబుది. ఒరే కన్నా, నేను పోతే నన్ను ఊరికి పంపాలని ఆఫీసుల చుట్టూ తిరగకు. మీ బావను పంపినప్పుడు నువ్వు పడ్డ పాట్లు చూశాను. ఇక్కడే దహనం చేయించు.

2. టెక్కలి ఇంట్లో నా వాటా, ఇక్కడి బ్యాంకులో ఉన్నది, నగలు, సమస్తం సాయికుమారికి చెందవలెను. దీని మీద ఎవరికీ తకరారు ఉండదు.

3. "ప్రజాస్వామ్య పరివర్తనలో సాయుధ బలగాల పాత్ర" అనే నా పూర్తికాని పరిశోధన గ్రంథం కూడా సాయికుమారిదే. నా పర్యవేక్షకులు ఆచార్య శ్రీనివాసరాజు గారికి అందులో ఒక్క పేజీ కూడా ఇవ్వరాదు. "ఆడపిల్లకి సైన్యం గొడవెందుకమ్మా, పంచాయతీలు తీసుకో, పెళ్ళిలోపు అయిపోతుంది" అని ఆయన అన్న మాటకు నాకు ఇప్పటికీ కోపమే.

అయితే ఆయన వల్లనే అది ఆగిందని చెప్పలేను. జనం వీధుల్లోకి వచ్చినంత మాత్రాన నియంత దిగడు, ఎదురుగా ఉన్న సిపాయి తుపాకీ దించితేనే దిగుతాడు అని మొదటి అధ్యాయంలో ఎంతో ధీమాగా రాశాను. పోర్చుగల్‌లో సైన్యమే తిరగబడి ఎన్నికలకు దారి ఇచ్చింది. ఈజిప్టులో జనం మీద కాల్చబోమన్న సైన్యమే మూడేళ్ళు తిరగకుండా అధికారం చేతిలోకి తీసుకుంది. తలుపు తీసినవాడే ఇంట్లో తిష్ఠ వేస్తే ఏం చెయ్యాలో నాకు తోచలేదు. ఇప్పటికీ తోచదు.

4. మా ఆయన రిటైరయ్యేదాకా మన సైన్యంలో తొడిగిన హవల్దారు యూనిఫాం, పతకాలు, బూట్లు పాలిష్ చేసే బ్రష్షు సాయికుమారికి. వాటితోపాటు ఆయన ఒక్కసారే చెప్పిన సంగతి కూడా.

అల్లర్లు జరుగుతున్న ఒక పట్టణానికి వాళ్ళ దళాన్ని పంపారు. కాల్చే ముందు మేజిస్ట్రేటు సంతకం కావాలి, బ్యూగిల్ ఊదాలి, "చెదిరిపోండి, లేకపోతే కాల్పులు జరుపుతాం" అని స్థానిక భాషలో రాసిన బ్యానరు చూపించాలి. ఆ బ్యానరు ఒక కర్ర ఈయన, రెండో కర్ర ఒక తమిళ సిపాయి పట్టుకున్నారు. ఇద్దరికీ ఆ లిపి రాదు. తలకిందులుగా పట్టుకున్నారు. జనం గొల్లున నవ్వారట. ముందు వరసలోంచి ఒక ముసలావిడ చేయి తిప్పి చూపిస్తూ, సరిగ్గా పట్టుకోమందట. నవ్వుతూ నవ్వుతూనే గుంపు పలచబడింది.

శ్రీనివాసరాజు గారికి చెబితే "ఇది సిద్ధాంతం కాదమ్మా, వేడుక" అన్నారు. నేను మాత్రం మా ఆయన్ని మనసులో ఎంతో ఎత్తున పెట్టుకున్నాను. ఆ సంగతి గ్రహించి ఆయనే అన్నారు: "ఓలె సత్తీ, ఆళ్ళు నవ్వకపోతే కాల్చీవోడ్నే గదా. నన్ను గొప్పోడ్ని సేసి నీ పుస్తకంలో ఎట్టకు." పెట్టలేదు. ఆ మాటతో పుస్తకం ముందుకు సాగనూ లేదు.

2011లో ఇక్కడ జనం ప్రభుత్వం మీద తిరగబడి, రోడ్ల మీద కవచ వాహనాలు నిలబడినప్పుడు, సైన్యం ఎటు మొగ్గితే ఏమవుతుందో నేను కిటికీ దగ్గర నిలబడి ఆలోచిస్తున్నాను. ఆయన ఒక కుర్ర సిపాయిని చూసి "ఆడికి ఎవులైనా నీళ్ళిచ్చారో నేదో" అన్నారు. మరి రోడ్డుకి అవతల ఉన్నవాళ్ళకో, అన్నాను. "ఆళ్ళకీ ఇచ్చుండరు" అన్నారు. పోయిన ఏడాది అస్కర్‌లో సెక్యూరిటీ డ్యూటీ చేస్తూ కుర్చీలోనే పోయిన మనిషి ఆయన. ఎంత తలుచుకున్నా ఆయన ఎటువైపో నాకు తేలడం లేదు.

5. పక్క ఫ్లాట్లో ఉండే జమునకు నా ప్రెషర్ కుక్కర్ ఇవ్వాలనుంది. వీలునామాకు సాక్షిగా ఉన్నవాళ్ళకు అందులో ఏమీ రాయకూడదట. అందుకని నిన్ననే ఇచ్చేశాను. "ఏందక్కా గీ సావు రాతలు! ఆపరేషన్ అయినంక నీ కుక్కర్ నువ్వే వచ్చి కొండవోతవ్" అని తిట్టింది. తీసుకుపోతే సంతోషమే.

6. సాయీ, నీ జవాబు. యుద్ధంలో ఉన్న సిపాయి తన చేత్తో వీలునామా రాసుకుంటే సాక్షులు కూడా అక్కర్లేదని చట్టంలో చదివాను. ఆ వెసులుబాటు నీకు ఎందుకు కావాలి అని ఏడుపొచ్చింది. నువ్వు చనిపోతావన్న భయం ఒకటి. నీ ఎదురుగా నవ్వని జనం ఉంటారేమోనన్న భయం అంతకంటే పెద్దది. నువ్వు కాకపోతే ఆ చోట ఇంకెవరి పిల్లో నిలబడుతుంది, ఆ పిల్ల నీకంటే మంచిదో కాదో నాకు తెలియదు.

నా అనుమతిని ఇందుమూలంగా సాయికుమారికి దఖలు పరుస్తున్నాను. వెళ్ళమ్మా.

దీని కింద ఒక షరతు రాశాను, నిరాయుధుల మీద కాల్చమంటే కాల్చనని మాట ఇవ్వాలని. మీ నాన్న ఇవ్వలేకపోయిన మాట నిన్నెలా అడగను? పైగా చనిపోయాక తల్లి ఇచ్చే ఆర్డరు కూడా ఆర్డరే. అందుకని కొట్టేశాను. కొట్టివేత నా చేత్తో చేసిందే, పక్కన నా సంతకం, సాక్షుల పొడి అక్షరాలు ఉన్నాయి. ఒక్క గీతే గీశాను. కింది అక్షరాలు చదవడానికి వస్తాయి.

బహ్రెయిన్, అద్లియా
2025 నవంబరు 14, శుక్రవారం

(సంతకం) గేదెల సత్యకుమారి

మా ఇద్దరి ఎదుట ఆమె సంతకం చేయగా, ఆమె ఎదుట మేము చేసిన సంతకాలు:
1. జమున, పక్క ఫ్లాటు
2. మణికుమార్, సహోపాధ్యాయుడు