నలభై రెండు మాత్రలు

బిష్కెక్, అక్టోబరు 13, 2002

ప్రియమైన చెల్లి కాలిపాకు,

తలకు కుట్లు విప్పారు. ఒకవైపు గుండు, ఒకవైపు జుట్టు. మన కనుమ రోడ్డు మీద మంచు సగం తోసి వదిలేసినట్టుంది. బుల్డోజరు డ్రైవరుకి తగిన తలే.

గడ్డ మొత్తం తియ్యడం కుదరలేదట. నువ్వు తిట్టి మరీ సంతకం పెట్టించావు కాబట్టి ఈ కొత్త వైద్యం పరీక్షలో చేరాను. మొన్న కంప్యూటరు చీటీలు తీసింది. సగం మందికి ఆరు వారాలు రేడియేషన్ ఒక్కటే. మిగతా సగానికి రేడియేషన్‌తో పాటు రోజూ ఒక కీమో మాత్ర, మొత్తం నలభై రెండు. నాకు మాత్ర వచ్చింది.

పక్క మంచం వాడికి రాలేదు. పేరు మిర్జోహిద్, కరాసూలో రొట్టెలు కాల్చే ఉజ్బెక్. ముప్పై మూడేళ్లు. నా జబ్బే వాడిదీ. నన్ను వాళ్ల భాషలో అకా, అంటే అన్నా అని పిలుస్తాడు. ఇద్దరు పిల్లలు, మూడో కాన్పు దగ్గర్లో ఉంది. చీటీ సంగతి తెలిసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం లేచి నాకు టీ పోశాడు. "తాగండి అకా. లాటరీ కొట్టినోళ్లకి టీ పొయ్యడం మా ఊళ్లో ఆచారంలెండి" అన్నాడు. నవ్వలేక చచ్చాను.

రేపటి నుంచి వాడి ఎదుట ఆ మాత్ర ఎలా మింగాలో తెలియడం లేదు కాలీ. ఆకలితో ఉన్నవాడి ముందు మాంసం తిన్నట్టు ఉంటుంది.

నీ అన్న
ఎసెన్‌కుల్

*

సూసమీర్, అక్టోబరు 22

ప్రియమైన అన్నయ్యకు,

ఉత్తరం బొగ్గు లారీ అబ్దిష్ తెచ్చాడు. నీకు మాత్ర వచ్చిందని చదివి మన ఊరి ఆసుపత్రి గదిలో ఒక్కదాన్నే ఏడ్చాను. సూది కోసం వచ్చిన ముసలావిడ నన్నే ఓదార్చి వెళ్లింది.

ఇక ఈ ఊరి కాంపౌండరమ్మ మాట విను. ఆ మాత్ర మంచిదని ఎవరికీ ఇంకా తెలియదు. తెలిస్తే చీటీలు ఎందుకు? రెండు గుంపులనూ పోల్చి చూస్తేనే తేలుతుంది. అది రక్తాన్ని పడగొట్టవచ్చు, ఊపిరితిత్తులకు జబ్బు తేవచ్చు. అందుకే నీకు వారం వారం రక్తం తీస్తారు, వేరే బిళ్లలు కూడా ఇస్తారు. పరగడుపున మింగు. ఇచ్చిన పుస్తకంలో ఏ రోజుకారోజు టిక్కు పెట్టు.

పక్కవాడి మీద జాలి పడు, తప్పు లేదు. కానీ నీ సంగతి నాకు తెలుసు. మంచులో చిక్కిన లారీకి నీ బండిలో డీజిల్ తోడిచ్చి, రెండు రోజులు చలిలో కూర్చున్న మనిషివి. ఇది డీజిల్ కాదు. వదిన పోయాక నాకు మిగిలింది నువ్వే.

నీ చెల్లి
కాలిపా

*

బిష్కెక్, నవంబరు 6

ప్రియమైన కాలిపాకు,

నేను బ్రహ్మాండంగా ఉన్నాను. వాంతుల్లేవు, ఆకలి గుర్రానికున్నంత ఉంది. నువ్వు పంపిన ఎండు పెరుగు ఉండలు రెండు రోజుల్లో అవగొట్టాను. నా రక్తం చూసి డాక్టరమ్మ రైసా బోరిసోవ్నా మురిసిపోతోంది. "కొండమీది జనం కదా, ఇనుప రక్తం!" అంటుంది.

మిర్జోహిద్‌కే బాగుండడం లేదు. తిన్నది ఇమడదు. వాళ్లావిడకు ఆడపిల్ల పుట్టింది. ఫోటో దిండు కింద పెట్టుకుని రోజుకు పదిసార్లు తీస్తాడు. "ముక్కు నాదే కదా అకా?" అంటాడు. నేను కాదంటాను, అలుగుతాడు.

ఒక మాట. రేడియేషన్ ఒక్కటే తీసుకునేవాడికి చేతుల మీద సూదితో పొడిచినట్టు ఎర్రచుక్కలు వస్తాయా? ఊరికే అడుగుతున్నాను.

నీ అన్న
ఎసెన్‌కుల్

*

సూసమీర్, నవంబరు 13

అన్నయ్యా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఊరికే అడిగావా? మాత్ర మింగేవాడికి వాంతుల్లేవు, మింగనివాడికి తిన్నది ఇమడదు. పైగా ఎర్రచుక్కలు! ఇరవై ఏళ్లుగా సూదులు పొడుస్తున్నాను, నన్ను ఎడ్డిదాన్ని చెయ్యకు. నీ మాత్ర వాడికి ఇస్తున్నావు. అవునా, కాదా?

తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అంటారు. నీది అంతకన్నా అన్యాయం. వాడికి వారం వారం రక్తం తియ్యరు, ఊపిరితిత్తులకు బిళ్లలు ఇవ్వరు. ఆ చుక్కలకు అర్థం, లోపల ఎక్కడైనా రక్తం కారితే ఆగదని. నువ్వు ఇస్తున్నది ప్రాణమో విషమో నీకు తెలుసా?

ఈ ఉత్తరం మడిచేలోపు వెళ్లి డాక్టరమ్మకు చెప్పు. వెళ్లగొడితే వెళ్లగొట్టనీ.

కాలిపా

*

బిష్కెక్, నవంబరు 20

ప్రియమైన కాలిపాకు,

నిజమే. రోజు విడిచి రోజు వాడికి ఇచ్చాను. సగం వాడికి, సగం నాకు.

నిన్న డాక్టరమ్మకు చుక్కల సంగతి మాత్రం చెప్పాను. వెంటనే రక్తం పరీక్ష చేసి, రెండు సీసాలు ఎక్కించారు. ఈ పూట లేచి కూర్చున్నాడు. "రేడియేషన్‌కే ఇంత పడిపోతుందా?" అనుకుంటూ డాక్టరమ్మ ఏదో రాసుకుంది. మాత్రల సంగతి చెప్పవద్దని వాడు నా కాళ్లు పట్టుకున్నాడు. చెప్పలేకపోయాను.

ఇక ఇవ్వను. మిగిలిన ఐదూ నేనే మింగుతాను. అమ్మ మీద ఒట్టు. కోపం తగ్గించుకుని రెండు ముక్కలు రాయి.

నీ అన్న

*

సూసమీర్, డిసెంబరు 29

ప్రియమైన అన్నయ్యకు,

ఐదు వారాలుగా కనుమ మూసే ఉంది. నీ బండి మీద కొత్తవాడిని ఎక్కించారు, వాడు దాన్ని రెండుసార్లు గుంటలో దింపాడు. ఇవాళ ఒక లారీ దాటుతుందంటే పరిగెత్తుకొచ్చి రాస్తున్నాను.

నా కోపం ఎప్పుడో పోయింది. భయమే పోలేదు. సగమైనా నీ ఒంట్లోకి వెళ్లిందని గుండె దిటవు చేసుకుంటున్నాను. తలకు మళ్లీ ఫోటో తీశారా? ఏమొచ్చింది? దాచకు.

నీ కాలిపా

*

బిష్కెక్, జనవరి 11, 2003

ప్రియమైన చెల్లి కాలిపాకు,

దస్తూరి నాది కాదని చూడగానే పోల్చి ఉంటావు. కుడిచెయ్యి మాట వినడం లేదు. నేను చెబుతుంటే మిర్జోహిద్ రాస్తున్నాడు.

గురువారం ఇద్దరికీ తలకు ఫోటో తీశారు. వాడి గడ్డ తగ్గింది. నాది పెరిగింది.

నీకు చెప్పింది అబద్ధం. సగం సగం కాదు. మొదటి రోజు నుంచి ప్రతి మాత్రా వాడికే ఇచ్చాను, ముప్పై ఏడు. నేను ముందే మింగానని, ఇవి నర్సు పొరపాటున రెండేసి ఇస్తోందని వాడితో అన్నాను. మిగిలిన ఐదూ మింగాలనే చేతిలోకి తీసుకున్నాను. వాడు పిల్ల ఫోటో పట్టుకుని చూస్తున్నాడు. నా వల్ల కాలేదు, కాలవలో పారేశాను. అమ్మ మీద పెట్టిన ఒట్టు కూడా అలాగే పోయింది. పుస్తకంలో మాత్రం నలభై రెండు టిక్కులు ఉన్నాయి.

ఇక్కడ మిర్జోహిద్ కలం కింద పెట్టేశాడు. ఈ సంగతి వాడికీ ఇప్పుడే తెలిసింది.

నిన్న డాక్టరమ్మ చిన్న డాక్టరుతో అంటుంటే విన్నాను. "మాత్ర తీసుకున్నాయన దిగజారాడు, తీసుకోనివాడు కోలుకున్నాడు. అలాగే రాయండి" అంది. అప్పటిదాకా నేను ఇద్దరి లెక్కే చూసుకున్నాను చెల్లీ. నా వల్ల ఆ పుస్తకం మాత్ర దండగ అంటుంది. దాన్ని నమ్మి ఏ డాక్టరు ఎవరికి ఆ మాత్ర ఇవ్వడం మానేస్తాడో! దారి తెరవడం తప్ప ఏమీ తెలియనివాణ్ని, మూసేశాను.

డాక్టరమ్మకు అంతా చెబుతాను పద అని నేనంటే, "చెప్తే నాకు మళ్లీ మాత్ర రాదు కదా అకా?" అన్నాడు. నాకు తెలియదన్నాను. వాడు టోపీ పెట్టుకుని, "నన్ను కూడా మోసం చేశావు. లే, నీకు నడక సరిగా లేదు, నా భుజం పట్టుకో" అన్నాడు. నన్ను నువ్వు అనడం వాడు ఇదే మొదటిసారి.

వెళ్లి వచ్చాక మిగతాది రాయిస్తున్నాను. డాక్టరమ్మ తెల్లబోయింది. తర్వాత వాడిని ఎంతో ప్రమాదంలో పెట్టానని కేకలేసింది. నేను చేసినదానికి ఆ కేకలు చాలవు. మా ఇద్దరి కాగితాల మీదా జరిగింది జరిగినట్టు రాస్తారట. ఈ పరీక్షలో వాడికి మాత్ర ఇవ్వడం కుదరదట. బయటి నుంచి తెప్పించడానికి పైవాళ్లకు రాస్తానంది, మాట మాత్రం ఇవ్వలేదు. నాకు నెలకు ఐదు రోజుల చొప్పున అవే మాత్రలు కొత్తగా మొదలుపెడతానంది. ఆలస్యమైందని కూడా చెప్పింది. సోమవారం మొదటిది.

కాలీ, నాకు బతకాలని ఉంది. ఇన్నాళ్లూ ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. మిర్జోహిద్ ఇంకా పక్క మంచంలోనే ఉన్నాడు, సోమవారం కూడా ఉంటాడు.

కనుమ తెరిచి ఉంటే ఏ లారీ అయినా ఎక్కి వచ్చెయ్యి. నేను ఆ మాత్ర మింగేదాకా నా చెయ్యి గట్టిగా పట్టుకో. నా మీద నాకు నమ్మకం లేదు.

నీ అన్న
ఎసెన్‌కుల్